లైన్ క్లియర్ ఇచ్చేదెవరు?

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతిలో లాలాగూడలో చేసిన ఉపన్యాస పాఠం)



కృష్ణమూర్తి గారి పేరున మాట్లాడమంటే ధాతువుల గురించో, ద్రావిడ భాషల చుట్టరికాల గురించో మాట్లాడడం ఆనవాయితీ. తెలుగు ధాతువుల మీద 1961లో ఆయన తెచ్చిన గ్రంథం, 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన ద్రావిడ భాషల గ్రంథం ఈ రంగంలో ఎవరూ దాటి పోలేనివి. వాటి మీద మాట్లాడడానికి నాకంటే తగినవాళ్లున్నారు. నేను ఆయన చేసిన ఇంకో పనిని తలుచుకోవడానికి వచ్చాను. అది మాండలిక వృత్తిపదకోశం. మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయపు మాటలతో. రెండోది 1971లో, చేనేత మాటలతో. కావ్యాలు ముందేసుకుని నిఘంటువులు కూర్చడం అలవాటైన భాషలో, ఆయన రైతు దగ్గరికీ సాలె దగ్గరికీ మనుషుల్ని పంపించి, నాగలిలో ఈ భాగాన్ని ఏమంటారు, మగ్గంలో ఈ పుల్లను ఏమంటారు అని అడిగించారు. చెప్పినవాడు చెప్పినట్టు రాయించారు. పని చేసేవాడి నోట్లో ఉన్న మాటే ప్రమాణం అన్నది ఆ కోశం వెనక ఉన్న నమ్మకం. తెలుగులో ఇంతకంటే ప్రజాస్వామికమైన పాండిత్యం నాకు కనిపించలేదు.

లాలాగూడలో నాగళ్లు లేవు, మగ్గాలు లేవు. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పెట్టిన వర్క్‌షాపు ఉంది. దాని చుట్టూ పెరిగిన క్వార్టర్లున్నాయి, రైల్వే ఆసుపత్రి ఉంది, ఎలక్ట్రిక్ ఇంజన్ల షెడ్డు ఉంది. 1957 నుంచి దేశం నలుమూలల సిగ్నల్ ఇంజనీర్లకు చదువు చెబుతున్న ఇరిసెట్ ఉంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది, 1889కి బెజవాడ దాకా పోయింది. ఆ బండ్లతో పాటు ఇంగ్లిష్ మాటలు కూడా వచ్చాయి. తెలుగువాళ్లు, మరాఠీలు, తమిళులు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు ఒకే షెడ్డు కింద పని చేసిన చోట ఆ మాటలు ఇంగ్లిష్ మాటలుగా ఎక్కువ కాలం నిలవలేదు. మన మాటలైపోయాయి. అలా అయిపోయిన ఒక్క మాట గురించే ఇవాళ మాట్లాడతాను. ఆ మాట లైను.

దాని కంటే ముందు ఇంకో రెండు మాటలు చెప్పనివ్వండి. రైలు అన్నది ఇంగ్లిష్‌లో బండి పేరు కాదు. నేల మీద పరిచిన ఇనుప కమ్మీ పేరు. మనం కమ్మీ పేరు తీసి బండికి పెట్టుకున్నాం. కమ్మీకి పట్టా అనే మాట చూసుకున్నాం. అందుకే రైలు పట్టాలు అంటే మనకు తప్పుగా తోచదు. బోగీ సంగతీ అంతే. ఇంగ్లిష్‌లో బోగీ అంటే పెట్టె అడుగున చక్రాలను, ఇరుసులను, స్ప్రింగులను పట్టి ఉంచే చట్రం. లాలాగూడ వర్క్‌షాపులో ఓవర్‌హాల్‌కు వచ్చిన పెట్టెను పైకి లేపి, కింద ఉన్న బోగీలను దొర్లించి పక్కకు తీస్తారు. లోపల పని చేసే మనిషికి పెట్టె వేరు, బోగీ వేరు. అదే మనిషి సాయంత్రం గేటు దాటి ఇంటికొచ్చి, అల్లుడికి ఫోన్ చేసి ఏ బోగీలో సీటు దొరికిందని అడుగుతాడు. ఆయన తప్పు మాట్లాడడం లేదు. గేటుకు లోపల ఒక అర్థం, బయట ఒక అర్థం. రెంటినీ ఆయన నాలుక తడబడకుండా మోస్తుంది.

మన ఆలంకారికులకు ఇది కొత్త కాదు. మాటకు వాచ్యార్థం ఒకటి, లక్ష్యార్థం ఒకటి ఉంటాయన్నారు. గంగలో పల్లె ఉంది అంటే నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం. ఇలా జరగడానికి మూడు షరతులు చెప్పారు. ఒకటి, అసలు అర్థం ఆ సందర్భంలో పొసగకూడదు. రెండు, కొత్త అర్థానికి అసలు అర్థంతో ఏదో ఒక చుట్టరికం ఉండాలి. మూడు, అలా అనడం రూఢి అయినా అయి ఉండాలి, లేదా అలా అన్నందుకు ఒక ప్రయోజనమైనా ఉండాలి. రూఢికి మమ్మటుడు చూపిన ఉదాహరణ కుశలుడు. దర్భలు కోసేవాడన్నది దాని పుట్టుక అర్థం. వేలు తెగకుండా దర్భ కోయడం నేర్పున్నవాడికే సాధ్యం కాబట్టి నేర్పరి అయ్యాడు. ఇప్పుడు కుశలమా అని అడిగినప్పుడు దర్భలు ఎవరికి గుర్తొస్తాయి?

ఇంగ్లిష్ లైన్‌కు కూడా అటువంటి పుట్టుకే ఉంది. లాటిన్‌లో అవిసె నారతో పేనిన దారం అది. మన సూత్రం కూడా దారమే. మంగళసూత్రంలో ఇంకా దారం కంటికి కనిపిస్తుంది. వ్యాకరణ సూత్రంలో కనిపించదు. మనం బారుకు వరుస అంటాం, చుట్టరికానికీ వరుస అంటాం. ఆయన నీకు ఏం వరుస అని అడిగితే ఎక్కడ నిలబడ్డాడని కాదు, బాబాయా మామా అని. తిన్నగా ఉన్న ఒక గీత మనిషి బుర్రలో ఎన్ని పనులకు పనికొస్తుందో చూడండి.

ఇప్పుడు మన లైను సంగతి. అచ్చు చివర లేకపోతే మన నోటికి తృప్తి ఉండదు కాబట్టి ఉకారం తగిలించి లైను చేసుకున్నాం, లైన్లు అని బహువచనం చేసుకున్నాం. రేషను దుకాణం ముందు లైను కడతాం. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాక బ్యాంకుల ముందు కట్టిన లైన్లు ఎవరూ మరిచిపోలేదు. కరెంటు లైను పోతుంది. క్వార్టర్లలో మా లైన్లో అంటే మా ఇళ్ల వరుసలో అని. కంటోన్మెంట్లలో సిపాయిల బసలను లైన్స్ అనేవారు, పోలీస్ లైన్స్ ఇంకా ఉంది. ఇవన్నీ కంటికి కనిపించే వరుసలు, గీతలు. ఆ తర్వాత కనిపించనివి మొదలవుతాయి. ఏ లైన్ల ఉన్నవ్ అంటే ఏం పని చేస్తున్నావని. సినిమా లైను, రియల్ ఎస్టేటు లైను. పిల్లగాడు లైన్కొచ్చిండు అంటే బుద్ధిగా మసలుకుంటున్నాడని. కమ్యూనిస్టులు పార్టీ లైను అంటారు, దాని మీద చీలికలే వచ్చాయి. కథ వినే నిర్మాత లైన్ బాగుందంటాడు. ఆడపిల్ల వెంట పడడాన్ని లైను వేయడం అంటారు. ఈ ఒక్క వాడుక నాకు నచ్చదు. ఒక పిల్ల రోజూ భరిస్తున్న వేధింపును తేలికగా తీసిపారేయడానికి చాలాసార్లు దాన్నే వాడతారు. ఇక ఫోను. తీగ ఉన్న రోజుల్లో లైను కలిసింది, లైన్లో ఉండండి అన్నాం. చేతిలో ఫోనుకు తీగ లేదు, గీత లేదు, అయినా లైన్లో ఉండండి అనే అంటున్నాం. అసలు వస్తువు మాయమై ఛాయ మిగిలింది. భాషలో ఇది మామూలు సంగతి, దీనికి బాధపడాల్సింది లేదు.

బాధపడాల్సిన చోట్లు రెండున్నాయి. రెండూ రైల్వే నుంచి వచ్చినవే.

మొదటిది లూప్ లైను. ఒక అధికారిని ప్రాధాన్యం లేని చోటికి బదిలీ చేస్తే లూప్ లైన్లో పడేశారని పత్రికలు రాస్తాయి, సచివాలయంలో ఉద్యోగులూ అంటారు. శిక్షణ సంస్థలకు, రికార్డు గదులకు, పరిశోధనకు పంపితే అది లూప్ లైను. స్టేషన్లో మెయిన్ లైను పక్కన ఉండేది లూప్ లైను. ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి గూడ్సును అందులోకి తీసుకుంటారు. మలుపున్న పాయింట్ల మీదుగా, అంటే పట్టాలు చీలే చోటు మీదుగా, నెమ్మదిగా లోపలికి రావాలి. మెయిన్ లైను బండి ఆగకుండా పోతుంది, ఇది ఆగి ఉంటుంది. చూసినవాడికి ఇది వెనకబడ్డట్టే కనిపిస్తుంది. అందులోంచే ఆ వాడుక పుట్టింది, షరతులన్నీ సరిగ్గానే సరిపోయాయి. కానీ లూప్ లేని సింగిల్ లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఎక్కడ తప్పుకుంటాయి? ఎక్స్‌ప్రెస్ వేగం లూప్‌లో ఆగి ఉన్న గూడ్సు పుణ్యం. శిక్షణ ఇచ్చేచోటును, పాత కాగితాలు కాపాడేచోటును లూప్ లైను అని హేళన చేసే సమాజం, మెయిన్ లైను దేని మీద నడుస్తోందో తెలుసుకోలేదు. ఇరిసెట్ ఉన్న ఊళ్లో నిలబడి ఈ మాట గట్టిగానే అంటాను.

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలో బహనాగ బజార్ దగ్గర లూప్ లైను అనే మాట తన అసలు అర్థంతో మన ఇళ్లలోకి వచ్చింది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు సిగ్నల్ ఉంది. పాయింట్లు మాత్రం లూప్ లైనుకు ఉన్నాయి. లూప్ లైన్లో ఆగి ఉన్న గూడ్సును అది గుద్దుకుంది. దాదాపు 300 మంది చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్లలో చేసిన మార్పుల్లో లోపం వల్ల ఇది జరిగిందని విచారణలో తేలింది. మన కోస్తా పొడవునా పోయే బండి అది. ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్న తెలుగువాళ్లందరూ లూప్ లైన్ అనే మాటను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. సిగ్నల్ చెప్పే మాట ఒకటి, పట్టా చేసే పని ఒకటి అయితే ఏమవుతుందో చూశారు. ఈ వృత్తిలో మాటకూ వస్తువుకూ మధ్య సందు ఉండకూడదు.

రెండోది నేను ఇవాళ అసలు చెప్పదలుచుకున్నది. లైన్ క్లియర్.

ఏ తెలుగు పత్రికైనా తిరగేయండి. కొలువుల భర్తీకి లైన్ క్లియర్. సినిమా విడుదలకు లైన్ క్లియర్. ఫలానా నాయకుడి టికెట్‌కు లైన్ క్లియర్. అంటే పైవాళ్లు ఒప్పుకున్నారు, అడ్డు తొలగింది, ఇక కదలొచ్చు అని. పొట్టిగా ఉంది, శీర్షికలో ఇముడుతుంది, అందరికీ అర్థమవుతుంది. మాటగా దానికి వంక పెట్టలేం. అసలు లైన్ క్లియర్‌లో ఏముందో తెలిసినవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. తెలియని పిల్లల కోసం చెబుతాను, తప్పు పోతే పెద్దలు దిద్దండి.

రెండు స్టేషన్ల మధ్య ఉన్న దారిని ఒక సెక్షన్ అనుకుందాం. అబ్సల్యూట్ బ్లాక్ పద్ధతిలో ఆ సెక్షన్లో ఒక వేళకు ఒకే బండి ఉండాలి. ఇవతలి స్టేషన్ మాస్టర్ దగ్గర బండి సిద్ధంగా ఉంది, సిబ్బంది సిద్ధంగా ఉన్నారు, ప్రయాణికులు కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. అయినా ఆయన తనంతట తాను పంపలేడు. అవతలి స్టేషన్ మాస్టర్‌ను గంట కొట్టి అడగాలి. అవతలి ఆయన ముందు వెళ్లిన బండి తన స్టేషన్‌కు పూర్తిగా వచ్చిందో లేదో చూసుకోవాలి. పూర్తిగా అంటే ఇంజను రావడం కాదు. ఆఖరి పెట్టె రావాలి. దాని వెనక ఎల్వీ, అంటే లాస్ట్ వెహికల్ అని తెలిపే బోర్డు, రాత్రయితే వెనక దీపం, కంటికి కనపడాలి. లేకపోతే ఏదో పెట్టె విడిపోయి దారిలోనే నిలిచిపోయి ఉండవచ్చు. ఆ బండి వెనక సిగ్నళ్లు తిరిగి ఆన్‌కు, అంటే ఆగమనే స్థితికి వచ్చి ఉండాలి. తన మొదటి స్టాప్ సిగ్నల్ దాకా, దాన్ని దాటి కూడా కొంత మేర, దారి ఖాళీగా ఉండాలి. ఆ కొంత మేర పాత రెండు సూచనల సిగ్నళ్ల పద్ధతిలో 400 మీటర్లు, ఎక్కువ సూచనల పద్ధతిలో 180 మీటర్లు. వచ్చే బండి బ్రేకు కాస్త ఆలస్యంగా పడ్డా ప్రమాదం జరగకుండా వదిలిన జాగా అది. ఇవన్నీ చూసుకున్నాక ఆయన బ్లాక్ యంత్రం తిప్పుతాడు. డబుల్ లైను యంత్రానికి మూడు స్థితులు. లైన్ క్లోజ్డ్, లైన్ క్లియర్, ట్రైన్ ఆన్ లైన్. మామూలుగా ఉండేది లైన్ క్లోజ్డ్. ఎవరూ అడగనప్పుడు దారి మూసి ఉన్నట్టే లెక్క. అవతల యంత్రం తిప్పితే ఇవతల ముల్లు లైన్ క్లియర్‌కు వస్తుంది. అది ఒక్క బండికే చెల్లుతుంది. తర్వాతి బండికి మళ్లీ అడగాలి, మళ్లీ చూడాలి, మళ్లీ ఇవ్వాలి. అంతా రిజిస్టర్‌లో నిమిషాలతో సహా ఎక్కాలి.

సింగిల్ లైను మీద ఈ మాట చేతికి తగిలే వస్తువు కూడా. నీల్స్ యంత్రంలోంచి టోకెన్ అనే ఒక ఉక్కు గుండు బయటికి వచ్చేది. దాన్ని తోలు సంచిలో వేసి, పెద్ద వలయానికి కట్టి, పరుగెత్తే ఇంజనులో ఉన్న డ్రైవరుకు అందించేవారు. ఒక సెక్షన్ గుండు పక్క సెక్షన్ యంత్రంలో పట్టకుండా తేడాలు పెట్టారు. గుండు ఇంజనులో ఉన్నంతసేపు ఆ దారి ఆ బండిది. యంత్రాలు పనిచేయనప్పుడు లైన్ క్లియర్ కాగితం మీదికి వచ్చేది, ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, సంతకం పెట్టి. ఇప్పుడు చాలాచోట్ల యాక్సిల్ కౌంటర్లు ఇరుసులు లెక్కపెట్టి బండి పూర్తిగా వచ్చిందో లేదో చెబుతున్నాయి. ఎదురుగా బండి ఉంటే కవచ్ అనే రక్షణ వ్యవస్థ తనంతట తానే బ్రేకు వేస్తుంది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రే ఇంజను ఎక్కి ఆ పరీక్షలో పాల్గొన్నారు. సాధనాలు మారాయి. అడిగే ప్రశ్న మారలేదు.

ఇప్పుడు రెండు అర్థాలను పక్కపక్కన పెట్టి చూడండి. పత్రికలో లైన్ క్లియర్ పై నుంచి దిగుతుంది. రైల్వేలో అది ఎదుటి నుంచి వస్తుంది. ఇచ్చేవాడు అడిగినవాడికి పై అధికారి కాడు, అదే హోదా ఉన్న ఇంకో స్టేషన్ మాస్టర్. ఆయన ఇస్తున్నది అనుమతి కాదు, హామీ. నీ బండిని నేను తీసుకోగలను, నా దారి ఖాళీగా ఉందని నా కళ్లతో చూశాను అని. బండి చివరికి చేరేది ఆయన దగ్గరికే, కాబట్టి తప్పు జరిగితే జవాబుదారీ ఆయనదే. బయలుదేరాలన్న తొందర ఉన్నవాడి చేతిలో నిర్ణయం లేదు. బండి ఎవరి ముంగిట్లోకి వస్తోందో వాళ్ల చేతిలో ఉంది. ఇంత న్యాయమైన ఏర్పాటును పత్రిక భాష తలకిందులు చేసింది. ఒక ప్రాజెక్టుకు లైన్ క్లియర్ అని రాసినప్పుడు మనం ఎవరిని అడిగి రాస్తున్నాం? మంత్రివర్గం ఒప్పుకుంది, నిధులొచ్చాయి, కాబట్టి లైన్ క్లియర్. ఆ నేల మీద ఇంకా ఊరుంది. ఊళ్లో ఇంకా మనుషులున్నారు. వాళ్లకు ఇల్లు చూపలేదు, పరిహారం అందలేదు. రైల్వే లెక్కలో చెప్పాలంటే ముందు బండి ఆఖరి పెట్టె ఇంకా సెక్షన్లోనే ఉంది. ఏ స్టేషన్ మాస్టరూ అప్పుడు యంత్రం తిప్పడు. తిప్పితే ఉద్యోగం పోతుంది, అంతకు ముందు ప్రాణాలు పోతాయి.

ఛాయార్థం పుట్టడం తప్పు కాదని చెప్పాను. కుశలుడిలో దర్భ మాయమైతే ఎవరికీ నష్టం లేదు. లైన్ క్లియర్‌లో ఎల్వీ బోర్డు మాయమైతే నష్టం ఉంది, ఎందుకంటే ఆ మాటకు ఉన్న గౌరవమంతా ఆ బోర్డు చూసిన కంటి వల్ల వచ్చింది. చదివేవాడు ఆ మాట వినగానే అంతా సవ్యంగా ఉందని నమ్ముతాడు. తరాల తరబడి స్టేషన్ మాస్టర్లు, పాయింట్స్‌మన్లు, గార్డులు రాత్రింబవళ్లు మెలకువగా ఉండి సంపాదించి పెట్టిన నమ్మకం అది. దాన్ని చూడకుండా ఇచ్చిన ఒప్పుదలలకు అద్దెకిస్తున్నాం. విలేఖరులను ఆ మాట మానెయ్యమని నేను అడగను. మానమంటే భాష వినదు. అసలు అర్థంలో ఉన్న ప్రశ్నను మాత్రం వాళ్లు అడగాలి. ముందు బండి పూర్తిగా వెళ్లిందా? ఎవరు చూశారు? ఎవరి ముంగిట్లోకి వస్తోంది, వాళ్లేమన్నారు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికాక ఎంత పెద్ద అక్షరాలతోనైనా రాసుకోవచ్చు.

అలా అడగాలంటే ముందు అసలు అర్థం ఎక్కడో రాసి ఉండాలి. నిఘంటువుల్లో లైన్ క్లియర్‌కు ఎదురుగా అనుమతి అని రాసుకుపోతే వచ్చే తరానికి మిగిలేది అదే. ఇక్కడే కృష్ణమూర్తి గారి దగ్గరికి తిరిగి రావాలి. ఇవి ఇంగ్లిష్ మాటలు కదా, తెలుగు వృత్తిపదకోశంలో వీటికేం పని అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు ఆయన పద్ధతిలోనే జవాబుంది. మాట ఏ దేశంలో పుట్టిందని కాదు, ఎవరి నోట్లో ఏ పని చేస్తోందని చూడాలి. ఎల్వీ చూశావా అని ఒక పాయింట్స్‌మన్ ఇంకొకణ్ణి అడిగితే అది తెలుగు వాక్యం. గార్డు పెట్టె చూపి లైన్ బాక్స్ ఎత్తుకో అంటే అదీ తెలుగు వాక్యమే. ఆ వాక్యాల్లో తెలుగువాళ్ల చెమట ఉంది, భయం ఉంది, నేర్పు ఉంది. తెలుగు మాటలను నాలుగు మండలాలుగా విడదీసి ఏ ఊళ్లో ఏ మాటో గుర్తించిన ఆయన అడుగుజాడల్లో, సికింద్రాబాదు, కాజీపేట, బెజవాడ, గుంతకల్లు, వాల్తేరు రైల్వే బస్తీల మాటలను పక్కపక్కన పెట్టి చూసే పని జరగాలి. గుంతకల్లులో టోకెన్‌ను ఏమనేవారు, వాల్తేరులో ఏమనేవారు, వర్క్‌షాపులో ఏ సుత్తికి ఏం పేరుండేది, ఆవిరి ఇంజను బొగ్గు ఎత్తేవాడు పారకు ఏ పేరు పెట్టుకున్నాడు. ఈ వివరాలు గ్రంథాలయాల్లో దొరకవు. రిటైరైన మనుషుల దగ్గర ఉన్నాయి, వాళ్లలో చాలామంది వయసు మీదపడినవాళ్లు.

కృష్ణమూర్తి గారు 2012 ఆగస్టు 11న హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆయన పేరున ఏడాదికొకసారి ఉపన్యాసం చెప్పుకుని, దండ వేసి, టీ తాగి వెళ్లిపోతే ఆయన చేసిన పనికి మనం ఏమీ జత చేసినట్టు కాదు. ఉస్మానియాలో భాషాశాస్త్రం చదువుతున్న పిల్లలు ఇక్కడికి నడిచి రాగలిగినంత దూరంలో ఉన్నారు. వాళ్లకు ఒక అభ్యర్థన. మీ పరిశోధనకు మాటలు వెతుక్కుంటూ ఎక్కడికో పోవద్దు, ముందు లాలాగూడ రండి. ఇక్కడ కూర్చున్న పెద్దలకు ఇంకో అభ్యర్థన. మీకు తెలిసిన మాటలు చిన్నవనీ, మోటువనీ, ఇంగ్లిష్ కలిసినవనీ దాచుకోవద్దు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఒక మాట, దాని పని, అది ఎక్కడ విన్నారో ఆ స్టేషన్ పేరు, ఈ మూడూ రాయండి. రాయడం కష్టమైతే మనవణ్ణి కూర్చోబెట్టుకుని ఫోనులో చెప్పి రికార్డు చేయించండి. మాట మరిచిపోయినా పని గుర్తుంటే అదైనా చెప్పండి, పేరు ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి.